మూడు కప్పులు, ఒక బత్తాయి

నేను విజయనగరంలో ఆర్టీసీ కండక్టర్‌ని. పదిహేడేళ్ళ సర్వీసు. వేళ్ళ మధ్య చిల్లర ఆడించడం తప్ప చేతికి వేరే విద్య లేదు. కదిలే బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో ఐదు రూపాయల బిళ్ళలు నాలుగు, రెండు రూపాయలవి మూడు చూడకుండా వేరుచేయగలను. ఆ ధీమాతోనే మూడు కప్పులు, మూడు బంతుల గారడీ నేర్చుకుందామని దిగాను. చెయ్యి లొంగింది గానీ కప్పులే లొంగలేదు. సరైన కప్పులు చేతికొచ్చేసరికి ఆరు నెలలకి పదకొండు రోజులు తక్కువ.

అంతా మొదలైంది 2024 అక్టోబర్ 14న, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి ముందు రోజు, తొలేళ్ల రాత్రి. డ్యూటీ దిగి మూడు లాంతర్ల కూడలి దగ్గర నుంచి జనంలో పడి నడుస్తున్నాను. పక్క సందు మొదట్లో వీధి దీపం కింద గోనెపట్టా పరుచుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ముందు మూడు చెక్క చిప్పలు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడిపోయేంత, నెత్తిన బొంగరానికి ఉన్నట్టు చిన్న బొడిపె. ఆ బొడిపెని రెండు వేళ్ళ సందున పట్టి చిప్ప ఎత్తుతాడు, దించుతాడు. కింద గుడ్డ ఉండలు ఉన్నచోట లేకుండా, లేనిచోట ఉంటూ తిరుగుతున్నాయి. నలభై నిమిషాలు గొంతుక్కూర్చుని చూశాను. పట్టుకోలేకపోయాను. టికెట్ తీసుకోనివాణ్ని నలభై మందిలో మొహం చూసి పట్టేస్తాను, ఇది మాత్రం నా వల్ల కాలేదు.

యాభై రూపాయలు ఇచ్చి, ఒక్కసారి చిప్ప చేతికిస్తారా అని అడిగాను. వెంటనే ఇచ్చేశాడు. "సూడు బావూ, అందులో ఏటీ లేదు" అన్నాడు. నూనె పట్టి నల్లబడిన చెక్క. ఆయన చేతి వేడి ఇంకా ఉంది దానికి. అంచున ఒకచోట చీలితే సన్నటి రాగి తీగతో కట్టాడు. ఇవి ఎక్కడ దొరుకుతాయి, ఎంతవుతుంది అని అడిగితే నావైపు వింతగా చూశాడు. "కొనడమేటి? మా అయ్యవి."

ఇంటికెళ్ళేసరికి పన్నెండున్నర. మా ఆవిడ, అమ్మ నిద్రపోయారు. వంటింట్లోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చి హాల్లో బోర్లించాను.

స్టీలు గ్లాసులతో మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నది గారడీ కాదు, గ్లాసుకీ గారడీ కప్పుకీ తేడా. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి వేస్తే పూర్తిగా దిగిపోయి కరుచుకుంటాయి. ఆ ఆటలో మధ్యమధ్యలో మూడింటినీ దొంతర పెట్టి మళ్ళీ విడదీయాలి, అదీ చూసేవాడికి ఏమీ అనిపించనంత తేలిగ్గా. నేను గ్లాసులు లాగుతుంటే పక్కింటివాళ్ళకి పంపు రిపేరు చేస్తున్నట్టు వినపడేది. రెండోది, బోర్లించిన గ్లాసు మీద బంతి నిలవదు, జారి మంచం కిందికి పోతుంది. మూడోది చప్పుడు.

రాత్రుళ్ళు ఫోన్లో వీడియోలు చూసి అసలైన కప్పు ఎలా ఉంటుందో ఒక్కొక్కటే గమనించాను. కప్పు చుట్టూ బయటికి పొంగిన మూడు పట్టీలుంటాయి. మూతి దగ్గర ఒకటి, దాని పైన కాస్త ఎడంగా ఇంకొకటి, భుజం దగ్గర మూడోది. భుజం పట్టీ అందం కోసం కాదు. దొంతర పెట్టినప్పుడు పై కప్పు పూర్తిగా దిగిపోకుండా అక్కడ ఆగుతుంది. అలా ఆగడం వల్ల రెండు కప్పుల అడుగుల మధ్య కొంచెం జాగా మిగులుతుంది. ఆ జాగా ఎందుకో ఈ ఆట చేసేవాళ్ళకి తెలుసు, చూసేవాళ్ళకి తెలియక్కర్లేదు కాబట్టి అక్కడితో ఆపుతాను. బంతి ఎత్తుకి ఆ జాగా చాలకపోతే మాత్రం ఆ కప్పులు ఎంత మెరిసినా పూజగదిలోకే పనికొస్తాయి. అడుగున, అంటే బోర్లించినప్పుడు పైకొచ్చే వైపు, లోపలికి చిన్న గుంట కూడా ఉండాలి. బంతి అందులో కుదురుగా కూర్చుంటుంది.

చివరికి మా ఆవిడ గ్లాసులు లాక్కుని, "మీ గారడీ అయ్యేదాకా మేము దోసిళ్ళతో తాగాలా?" అంది. అప్పుడు టీ కొట్టువాళ్ళు వాడే కాగితం కప్పులు 60 రూపాయలకి ఒక కట్ట తెచ్చాను. నిజం చెప్పాలంటే మొదటి నెలకి అవే మంచివి. చప్పుడు ఉండదు, కరుచుకోవు, దూది ఉండలాంటి మెత్తటి బంతి వాటి మధ్య సరిపోతుంది. ఫ్యాను వేస్తే ఎగిరిపోతాయన్నదే బాధ. అమెరికాలో పెన్ అండ్ టెల్లర్ అని ఇద్దరు మెజీషియన్లున్నారు, వాళ్ళు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులతో ఇదే ఆట ఆడతారు. లోపల జరిగేదంతా కనబడుతూనే ఉంటుంది, అయినా కన్ను వెనకబడిపోతుంది. అది చూసిన రాత్రి కప్పుల వేట మానేద్దామనిపించింది. కానీ వాళ్ళు వాళ్ళు, నేను నేను.

నవంబర్లో ఎగ్జిబిషన్లో 180 రూపాయలు పెట్టి పిల్లల ప్లాస్టిక్ సెట్టు కొన్నాను. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు, మర్నాడే మా అన్నయ్య కొడుక్కి ఇచ్చేశాను.

ఆ తర్వాత ఆన్‌లైన్. నవంబర్ 23న అల్యూమినియం సెట్టు బుక్ చేశాను, 849 రూపాయలు, మూడు అల్లిక బంతులు ఫ్రీ. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. డిసెంబర్ 2న వచ్చింది. విప్పగానే మూడింటినీ వరసగా బోర్లించి, టేబుల్ ఎత్తుకి కళ్ళు దించి చూశాను. మధ్యది పొట్టి. ఒక బియ్యపు గింజంత తేడా, కానీ తేడా తేడాయే. జనంలో నలుగురు తగ్గినా ఎవరికీ తెలియదు గానీ మూడు కప్పుల్లో ఒకటి పొట్టిదైతే ప్రతి కన్నూ దాని మీదే ఉంటుంది. పైగా అడుగున గుంట ఉండాల్సిన చోట ఉబ్బు ఉంది. బంతి పెడితే జారుడుబల్ల. వాపసు పెట్టాను. వస్తువు తీసుకెళ్ళడానికి ఐదు రోజులు, "మీ కప్పులు వాడినట్టున్నాయి" అని ఫోన్లో ఒక రౌండు వాదన. డబ్బులు డిసెంబర్ 27న పడ్డాయి, సెట్టు చేతికొచ్చిన ఇరవై ఐదో రోజున. ఆ బంతులు మాత్రం తిప్పి పంపడం మర్చిపోయాను. అడగలేదు, ఇవ్వలేదు.

ఇక మిగిలింది విదేశీ రాగి కప్పులు. ఈ ఆటకి ఇప్పుడు ఎక్కువమంది చేసే పద్ధతి డై వెర్నన్ అనే ఆయనది, 1894లో కెనడాలో పుట్టి 98 ఏళ్ళు బతికిన మనిషి. కప్పుల ఆకారానికేమో పాల్ ఫాక్స్ అనే మెజీషియన్ పేరు చెబుతారు, ఆ ఆకారాన్నే ఇప్పటికీ చాలామంది తయారుచేస్తున్నారు. పల్చటి రాగి రేకుని తిప్పుతూ అచ్చు మీదికి నొక్కి చేస్తారు కాబట్టి తేలిగ్గానూ ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. ధర, షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి లెక్కేసి మా ఆవిడకి చూపించాను. ఆవిడ ఫోన్ తిరిగి నా చేతికిచ్చి, "ఆ డబ్బుకి నాకు చెవులకి దిద్దులొస్తాయి, అవైతే మాయమవ్వవు" అంది. అక్కడితో రాగి అయిపోయింది.

సంక్రాంతికి కండక్టర్లకి సెలవు మాటే లేదు. జనవరిలో శ్రీకాకుళం నుంచి విజయనగరం వస్తున్న సర్వీసులో ఒకాయన పెద్ద గోనెసంచితో ఎక్కాడు. కాలితో తాకితే ఖంగుమంది. లగేజీ టికెట్ తీసుకోవాలన్నాను. ఆయన సంచి మూతి విప్పి చూపించాడు, చెంబులు, గంటలు, దీపపు కుందెలు. "బుడితి సరుకు బావూ" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మన జిల్లా పక్కనే, సారవకోట మండలంలో, తరతరాలుగా కంచు, ఇత్తడి పోత పోసే ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పనితనం. నేనేమో అమెరికా వైపు చూస్తున్నాను. లగేజీ టికెట్ మాత్రం కొట్టాను.

ఫిబ్రవరి 6, గురువారం నాకు వీక్లీ ఆఫ్. డ్యూటీ కాగితం వెనక కప్పు బొమ్మ గీసుకున్నాను. మూతి లోపలి వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు, ఎత్తు తొమ్మిది, అడుగు గుంట అర సెంటీమీటరు, మూడు పట్టీలు. బస్ కాంప్లెక్స్ దగ్గర తోపుడు బండి మీద ఒక బత్తాయి కొన్నాను. బత్తాయి ఎందుకంటే, ఆట చివర్లో కప్పు ఎత్తితే బంతి బదులు కప్పు నిండా పట్టే పెద్ద వస్తువు ఏదో కనబడాలి. విదేశాల్లో నిమ్మకాయలు పెడతారు. మన దగ్గర నిమ్మకాయ కనబడితే జనం గారడీ అనుకోరు, వెనక్కి జరుగుతారు. అందుకని బత్తాయి. శ్రీకాకుళంలో దిగి, అక్కడి నుంచి బుడితి. చేరేసరికి పదకొండయింది.

ఒక ఇంటి అరుగు మీద అరవై దాటిన పెద్దాయన ఆకురాయితో చెంబు అంచు రుద్దుతున్నాడు. పక్కన పాత ఇత్తడి సామాను కుప్ప, సొట్టపడ్డ బిందెలు, చెవులు పోయిన గంగాళాలు. అవన్నీ కరిగి కొత్తవి అవుతాయి. నా బొమ్మ చూపించాను. ఆయన కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏటి బావూ, తాగడానికా?"

"తాగడానికి కాదు బాబాయ్, గారడీకి. బోర్లించి ఆడాలి."

"అదా. సిన్నప్పుడు సంతలో సూసినాం." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఉండ ఏటైపోద్ది?"

నవ్వి ఊరుకున్నాను. కంచుతో చేయమన్నాను, బుడితి దాకా వచ్చి ఇత్తడి ఏమిటని నా ఉద్దేశం. ఆయన లేచి లోపలికెళ్ళి ఒక కంచు గిన్నె తెచ్చాడు. మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, రెండో చేతి కణుపుతో చిన్నగా తట్టాడు. ఆ మోత పట్టుకున్న చేతిలోంచి పాకి మోచేతి దాకా వచ్చినట్టుంది. నేను మనసులో పన్నెండు లెక్కపెట్టేదాకా ఆగలేదు. కంచు మోగుతుందని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నదే, ఇక్కడికొచ్చేదాకా గుర్తురాలేదు.

"నువ్వు లోపలేటి దాసినా ఇది ఊరంతా సెప్పేస్తది" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. కంచులో తగరం ఉంటుంది, అందుకే ఆ మోత, అందుకే పెళుసు. చేయి జారి గచ్చు మీద పడితే చీలిపోతుంది. ఇత్తడయితే సొట్ట పడుతుంది, సొట్ట తీసుకోవచ్చు. గారడీ నేర్చుకునేవాడి చేతిలోంచి కప్పు రోజుకి ఎన్నిసార్లు జారుతుందో ఆయనకి నేను చెప్పలేదు, ఆయనే అంచనా వేసుకున్నాడు. సరే, ఇత్తడి అన్నాను. వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చి, బొమ్మ, బత్తాయి అక్కడ పెట్టి వచ్చాను. పదిహేను రోజులన్నాడు.

నెల దాటింది. మొదటి ఫోన్ కి "మాగమాసం బావూ, పెళ్ళిళ్ళు" అన్నాడు. అర్థమైంది, ఆడపిల్లలకి పెట్టే సారె సామాను ముందా, నా గారడీ ముందా. రెండో ఫోన్ కి కొలిమి దగ్గర పనిచేసే కుర్రాడు ఊరెళ్ళాడన్నాడు. మూడోసారి నేనే చేయలేదు. ఆ రోజులు నాకు విచిత్రంగా గడిచాయి. కాగితం కప్పులతో చెయ్యి తిరిగిపోయింది, అసలు కప్పులు వస్తే ఎలా ఉంటుందో అన్న ఊహతో టికెట్లు కొడుతూ కూడా వేళ్ళు ఆడించేవాణ్ని. ఒకసారి చిల్లర ఇస్తూ ఒక అమ్మాయి చేతిలో పెట్టిన పది రూపాయల బిళ్ళ తెలియకుండా మళ్ళీ నా అరచేతిలోకే వచ్చేసింది. వెంటనే ఇచ్చేశాననుకోండి. అయినా కండక్టర్ ఉద్యోగంలో ఈ విద్య ప్రమాదమే.

ఈలోపు బంతుల పని చూసుకున్నాను. అంగుళం వెడల్పు, లోపల తేలికైన బెండు, పైన ఊలు అల్లిక. నున్నటి బంతి అరచేతిలో చెమటకి జారుతుంది, అల్లిక గరుకు పట్టు ఇస్తుంది, పడితే చప్పుడు కాదు. ఆన్‌లైన్ సెట్టుతో వచ్చినవి మరీ గట్టిగా ఉన్నాయి. మా ఆవిడకి క్రోషియా బాగా వచ్చు. ఎర్ర ఊలు, 140 రూపాయలు. నాలుగు అల్లమన్నాను.

"మూడు కప్పులన్నారు, మూడు బంతులన్నారు. నాలుగోది ఎవరికి?"

అప్పటిదాకా మా ఇంట్లో రహస్యంగా ఉన్న ఒకే ఒక్క విషయం ఆ నాలుగో బంతితో పోయింది. ఆవిడ రెండు నిమిషాలు నా మొహం చూసి, "ఓస్, ఇంతేనా" అంది. ఇప్పటికీ నేను ఎవరి ముందు ఆట మొదలుపెట్టినా మూల నుంచి ఆవిడ కళ్ళు బంతి మీద కాకుండా సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటాయి. అంత కంగారు నాకు ఏ చెకింగ్ స్క్వాడ్ ముందూ లేదు.

మార్చి 9, ఆదివారం కబురొచ్చింది. వెళ్ళాను. మూడు కప్పులు అరుగు మీద గుడ్డ పరిచి పెట్టాడు. చూడగానే గుండె ఆగినంత పనయింది, అంత బాగున్నాయి. పట్టీలు మూడూ తీర్చినట్టున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను, మణికట్టు కిందికి వంగింది. ఆయన తూకం వేశాడు, 520 గ్రాములు. గోడ మందం మూడు మిల్లీమీటర్లుంది. నేను చదివినంతలో రెండు వందల గ్రాముల చుట్టుపక్కల ఉంటే హాయి.

దొంతర పెట్టాను. ఒకటి రెండుతో బాగా కూర్చుంది, మూడోది నడుం దగ్గరే పట్టేసింది. ఇంకా అసలుది ఉంది. సంచిలోంచి కొత్త బత్తాయి తీసి కప్పులో పెట్టాను. సగం దాకా వెళ్ళి బిగుసుకుంది. బోర్లించి కుదిపితే పడలేదు. చెంచా పెట్టి తీయాల్సి వచ్చింది. ఆటలో కప్పు ఎత్తితే పండు టేబుల్ మీద ఉండాలి, కప్పుతో పాటు పైకి లేస్తే చేసేవాడు కూడా లేచి వెళ్ళిపోవడమే.

"నేనిచ్చిన బత్తాయి పెట్టి చూశారా బాబాయ్?"

పెద్దాయన గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఆరేళ్ళ మనవడు.

"గుంటడు తినేసినాడు బావూ. రెండో రోజే. గుర్తు మీద సేసినాను."

కోపం రావాలి, నవ్వొచ్చింది. కాగితం మీద ఏడున్నర అని రాశాను కదా అంటే, ఆ కాగితం మీద ఏడుంపావో ఏడున్నరో తెలియలేదన్నాడు. నా అంకెలు అలాగే ఉంటాయి, డిపోలో కూడా ఆ పేరుంది నాకు. మూతి లోపల కొలిస్తే సరిగ్గా ఏడు. తప్పు మా ఇద్దరిదీ, పండు వాడిది.

మందమే అక్కడ మమ్మల్ని కాపాడింది. పల్చగా చేసి ఉంటే కరిగించి మళ్ళీ పోయడమే. మూడు మిల్లీమీటర్లుంది కాబట్టి లేత్ మీద పెట్టి లోపల గీయొచ్చు, మూతి వెడల్పవుతుంది, బరువు కూడా దిగుతుంది. లోపల ఒక మిల్లీమీటరు తీస్తే మూతి అడ్డంగా రెండు మిల్లీమీటర్లు పెరుగుతుందని ఆయన వేళ్ళతో చూపిస్తే నాకు చప్పున తట్టింది. లేత్ పని ఇంకో 700. మొత్తం ఇత్తడి, మజూరీ 2,400. బేరం ఆడలేదు. ఈసారి బత్తాయి బదులు అట్ట ముక్కని గుండ్రంగా కత్తిరించి, మీద పెద్ద అక్షరాలతో కొలత రాసి ఇచ్చాను. మనవడికి బత్తాయి విడిగా ఇచ్చాను.

ఉగాది దాటి ఏప్రిల్ 3, గురువారం వెళ్ళి తెచ్చుకున్నాను. ఈసారి తొందరపడలేదు. అరుగు మీద గంటసేపు కూర్చుని చూసుకున్నాను. ముందు కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను, బరువు ఒకేలా ఉందా అని. 310 గ్రాములు, ఐదు పది అటూ ఇటూ. బోర్లించి నేల మీద లాగాను, అంచు ఎక్కడైనా గీరుకుంటుందా అని. గుంటలో బంతి పెట్టి అరుగుని చేత్తో చరిచాను, కదల్లేదు. దొంతర పెట్టి, మధ్యలో బంతి ఉంచి, మొత్తం ఎత్తి తలకిందులు చేసి మళ్ళీ బోర్లించాను. పై కప్పు వంకరగా లేవకుండా సరిగ్గా కూర్చుంది. చివరికి బత్తాయి. లోపల పెట్టి కప్పు ఎత్తాను. ధప్పుమని కింద పడి దొర్లింది. మనవడు పట్టుకుపోయాడు.

ఒక లోపం మిగిలింది. మూడూ ఏ వరసలో పెట్టినా సమంగా దిగాలి, మంచి సెట్టుకి అది గుర్తు. నావి ఒక్క వరసలోనే హాయిగా దిగుతాయి. పెద్దాయన లోపలి వైపు ఉలితో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెట్టిచ్చాడు. ఇప్పుడు వేలి కొసతో తడిమితే ఏది ఏదో తెలిసిపోతుంది. లోపంగా మొదలైంది నాకు ఉపకారమే చేసింది. ఎలాగో చెప్పను.

ఇంటికి తెచ్చాక తెలిసినవి కొన్ని. మూడు వందల గ్రాముల కప్పుని ఇరవై నిమిషాలు ఎత్తి దించితే కుడి మణికట్టు వారం రోజులు లాగుతుంది. టైల్స్ మీదా, గాజు టీపాయ్ మీదా చేయకూడదు. పాత గొంగళి ముక్క కింద పరిస్తే చప్పుడు సగం చచ్చిపోతుంది, బంతి దొర్లిపోదు. చేతులకి ఇత్తడి వాసన అంటుకుంటుంది, నాకది కొత్త కాదు, పదిహేడేళ్ళుగా చిల్లర వాసనే. మంత్రదండం కోసం వెతకలేదు. డ్యూటీ విజిల్ ఉంది కదా, ఊది "రైట్ రైట్" అంటే బంతి బయల్దేరుతుంది. ఈ మాటకి జనం నవ్వుతారు, నవ్వుతున్నవాళ్ళ కళ్ళు ఒక్క క్షణం చెయ్యి మీద ఉండవు.

మొదటి ఆట ఏప్రిల్ 20న, మా డ్రైవర్ ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్లో. కప్పుల్ని అంతకు ముందు రోజు నేనే పట్టుబట్టి తోమాను. బంగారంలా ఉన్నాయి. పెద్దవాళ్ళు కుర్చీల్లో, పిల్లలు కింద చాప మీద. మొదటి బంతి మాయమయింది, చప్పట్లు. రెండోది మాయమయింది. మూడోదాని దగ్గర ముందు వరసలో ఎనిమిదేళ్ళ పిల్ల తల పక్కకి వంచింది.

"మావయ్యా, గళాసులో నీ సెయ్యి కనబడతంది. అందులో ఎర్రది ఉంది."

చూశాను. కుడి చేతి వేళ్ళ మధ్య నేను దాచుకున్న ఎర్ర బంతి ఎడమ కప్పు పొట్ట మీద గోరంత అద్దంలో కనబడినట్టు కనబడుతోంది. కుర్చీ ఎత్తు నుంచి కనబడదు, చాప మీద కూర్చున్నవాళ్ళకి నేరుగా కనబడుతుంది. నేను రాత్రంతా అద్దం ముందు నిలబడి సాధన చేశాను, నేల మీద కూర్చుని ఒక్కసారీ చూసుకోలేదు. చెవులు వేడెక్కాయి. ఏదో జోకు వేసి, బత్తాయిలు మూడూ బయటికి తీసి, ముగించేశాను. బత్తాయిలు రాగానే పిల్లలు ఎగబడ్డారు కాబట్టి పరువు కొంత మిగిలింది. ఆ పిల్ల మాత్రం బత్తాయి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి తోమడం మానేశాను. ఫోటోల్లో తళతళలాడే సెట్లు చూసి ఎవరైనా కొనాలనుకుంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మెరుపు కెమెరాకి మంచిది, మనకి కాదు. ఇత్తడిని వదిలేస్తే చాలు, చేతి చెమటకీ గాలికీ దానంతటదే మసకబారుతుంది. మే, జూన్ ఎండల్లో సాధన చేసి చేసి జూలైకి నా కప్పులు ముదురు తేనె రంగుకొచ్చాయి. పట్టీల సందుల్లో కాస్త నలుపు. చేతికి జారడం కూడా తగ్గింది. డిపో రెస్ట్ రూంలో రెండుసార్లు ఆడాను, ఒకసారి డ్రైవర్లందర్నీ కింద కూర్చోబెట్టి మరీ. ఎవరూ పట్టుకోలేదు. తొలేళ్ల రాత్రి ఆ ముసలాయన చిప్పలు ఎందుకంత నల్లగా ఉన్నాయో అప్పుడనిపించింది. ఈ ఏడు మళ్ళీ వస్తాడేమో, చూపించాలి.

మా కాలనీ వినాయక చవితి పందిట్లో ఆట వేయమని కుర్రాళ్ళు అడిగారు. ఆగస్టు 27న. ఒప్పుకున్నాను.

ఆగస్టు 7, గురువారం నైట్ అవుట్ డ్యూటీకి వెళ్ళాను. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ఉదయం ఇంటికొచ్చేసరికి పెరట్లో గట్టు మీద కలశం చెంబు, దీపపు కుందెలు, హారతి పళ్ళెం వరసగా ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కన నా మూడు కప్పులు. చింతపండు, ముగ్గుపొడి పెట్టి మా అమ్మ తోమేసింది. ఎండలో కళ్ళు చెదిరిపోతున్నాయి.

"ఎంత నల్లగా పెట్టుకున్నావురా, పండగ పూటా" అంది.

ఏమీ అనలేకపోయాను. ఆ రోజు నుంచి డ్యూటీకి వెళ్తూ మూడు కప్పుల్నీ క్యాష్ బ్యాగు పక్కన సంచిలో వేసుకుని, టెర్మినల్లో బస్సు ఆగినప్పుడల్లా చెమట చేతులతో రుద్దుతున్నాను. ఈ రోజు ఆగస్టు 18. పొద్దున్న ఎండలో పెట్టి చూశాను, నా మొహం ఇంకా కనబడుతోంది గానీ మీసం తెలియడం లేదు.